గ్యాస్ గ్రిల్ మీద చికెన్ పైన మాడి, లోపల పచ్చిగా ఉంటోందా? నేను చేసిన తప్పులు మీరు చేయకండి

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం పొగ వాసనతో ఉంటుంది. కెమెరా కిచెన్‌లో లేదు, మా బ్యాక్‌యార్డ్‌లో ఉంది. నా వెనకాల కనిపిస్తోంది చూడండి, అదే మన గ్రిల్. మూడు బర్నర్లు, కింద ప్రొపేన్ ట్యాంక్. నాలుగేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రంగు పోయి ముసలిదైపోయింది గానీ పనిలో మాత్రం ఏ లోటూ లేదు. లోటంతా నాలోనే ఉండేది. ఆ కథే ఇవాళ చెప్పబోయేది.

మేము ఉండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఇక్కడ మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వేసవి వచ్చిందంటే ప్రతి శనివారం ఎవరో ఒకరింట్లో గ్రిల్ వెలుగుతుంది. ఇల్లు అద్దెకి తీసుకున్న మొదటి ఏడాదే నేనూ ఒకటి కొనేశాను. బిర్యానీ రాదు, పప్పు కూడా సరిగ్గా రాదు, కానీ గ్రిల్‌కి ఏముంది, మంట పెట్టడం, ముక్క పెట్టడం, అంతే కదా అనుకున్నాను.

ఆ ఏడాది జులై 4న పద్నాలుగు మందిని పిలిచాను. నాతో పనిచేసే అన్న ఒకాయన, ఆయన భార్య కూడా వచ్చారు. వదినకి అప్పుడు ఆరో నెల. రెండు పెద్ద ట్రేల నిండా చికెన్ లెగ్ పీసులు. రాత్రంతా పెరుగు, కారం, అల్లం వెల్లుల్లి, గరం మసాలాలో ఊరబెట్టాను. మూడు బర్నర్లూ ఫుల్‌లో పెట్టి, గ్రిల్ నిండా ముక్కలు పేర్చేశాను. ఖాళీ అనేదే లేదు. పది నిమిషాల్లో మంటలు పైకి లేచాయి. ముక్కలు నల్లగా అయ్యాయి. అబ్బ, రెస్టారెంట్ లుక్ వచ్చేసింది అనుకుని తీసేశాను.

వదిన ఒక ముక్క కొరికి, ఆగిపోయి, ప్లేట్ కేసి చూసింది. ఏమీ అనలేదు. నేను వెళ్లి చూస్తే ఎముక దగ్గర మాంసం ఇంకా జిగురుగా, అద్దంలా మెరుస్తోంది. వేలు పెడితే చల్లగా తగిలింది. పైన బొగ్గు, లోపల పచ్చి మాంసం. ఆవిడ అప్పటికే రెండు ముద్దలు మింగేసింది.

ఆ సాయంత్రం మిగతాదంతా నాకు సరిగ్గా గుర్తులేదు. అన్న ఎవరినీ ఏమీ అనకుండా పక్కకెళ్లి వాళ్ల డాక్టర్ ఆఫీసు నర్స్ లైన్‌కి ఫోన్ చేశాడు. జ్వరం, వాంతులు, విరేచనాలు ఏమైనా వస్తే వెంటనే రమ్మన్నారట. మూడు రోజులు పొద్దున, సాయంత్రం మెసేజ్ పెడుతూనే ఉన్నాను. "బానే ఉన్నానయ్యా, నువ్వు ఎక్కువ భయపడుతున్నావు" అని వదినే నాకు ధైర్యం చెప్పింది. ఏమీ కాలేదు, దేవుడి దయ. కానీ పచ్చి చికెన్‌లో సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా ఉండొచ్చు, కడుపుతో ఉన్నవాళ్లకి అది మామూలు కడుపునొప్పితో పోయే విషయం కాదు. గ్రిల్ మీద టార్ప్ కప్పేసి రెండు నెలలు దాని మొహం చూడలేదు.

సెప్టెంబర్‌లో మా నాన్న వచ్చారు. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. ఆయనకి ఖాళీగా కూర్చోవడం రాదు. టార్ప్ తీసి, గ్రిల్ మూత ఎత్తి, అటూ ఇటూ చూసి, "ఇదేంట్రా, దీని మీద ఏం వండుతావు?" అన్నారు. జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "పొయ్యి నిండా మంట పెడితే ముక్క ఎక్కడ పెడతావురా? మంట ఒక పక్కనుండాలి, సెగ ఒక పక్కనుండాలి" అన్నారు.

ఫ్రెండ్స్, తర్వాత నేను గ్రిల్లింగ్ గురించి చాలా చదివాను, చాలా వీడియోలు చూశాను. ఇంగ్లిష్‌లో టూ జోన్ కుకింగ్ అని పెద్ద పాఠం చెప్తారు. నాన్న చెప్పింది అదే. ఇంట్లో కట్టెల పొయ్యి చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. అన్నం ఉడుకుపట్టగానే అమ్మ కట్టె బయటికి లాగేది. నిప్పులు ముందుకి జరిపి వాటి పక్కన గిన్నె పెట్టేది. పాలు దాలిలో పెడితే పిడకల సెగకి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాగుతూనే ఉండేవి, ఎర్రటి మీగడ కట్టేది. మొక్కజొన్న కంకి మంట మీద కాల్చరు, నిప్పుల మీద కాలుస్తారు. మంట, నిప్పు, సెగ. మన భాషలో మూడింటికీ మూడు పేర్లు ఉన్నాయి, నేను మాత్రం నాబ్ తిప్పడం ఒక్కటే నేర్చుకున్నాను.

సరే, ఇప్పుడు గ్రిల్ దగ్గరికి వెళ్దాం. కెమెరా ఇటు తిప్పుతున్నా.

చూడండి, ఎడమ పక్క బర్నర్ ఫుల్‌లో పెట్టాను. మధ్యది, కుడిది రెండూ ఆఫ్. మూత మూశాను. పది నుంచి పదిహేను నిమిషాలు ఇలా వదిలేయాలి. ఇదే చాలామంది చేయని పని. ఇనుప జాలీ బాగా వేడెక్కకపోతే ముక్క దానికి అతుక్కుపోతుంది, తీసేటప్పుడు సగం చర్మం జాలీకి, సగం ముక్కకి. మూత మూసినప్పుడు గ్రిల్ ఒక ఒవెన్ అయిపోతుంది. ఎడమ పక్క మంట పైన ముక్క రంగు తెచ్చుకుంటుంది, కుడి పక్క సెగకి నిదానంగా లోపలిదాకా ఉడుకుతుంది.

లెగ్ పీసులకి నేను ఏం చేస్తానంటే, ముందు కుడి పక్క పెడతాను. మంట లేని పక్క. మూత మూసి, పైన ఉన్న మీటర్ 375 నుంచి 400 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉండేలా చూసుకుంటాను. ముక్క సైజుని బట్టి 35 నుంచి 45 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి తిప్పుతాను, మంట దగ్గరున్నవి దూరంగా, దూరంగా ఉన్నవి దగ్గరగా జరుపుతాను. లోపల ఉడికాక చివర్లో ఎడమ పక్కకి తెచ్చి ఒక్కో వైపు ఒకటి రెండు నిమిషాలు. అప్పుడు వస్తుంది ఆ ఎర్రటి రంగు, చర్మం కరకరలాడటం. నేను ఆ జులైలో చేసింది దీనికి పూర్తిగా రివర్స్. ముందే రంగు వచ్చేసింది, రంగు చూసి మోసపోయాను.

ఆ మూత మీద మీటర్ గురించి ఒక మాట. అది చెప్పేది మూత దగ్గర గాలి వేడి. జాలీ దగ్గర వేడి అది కాదు. అందుకే దాన్ని ఒక అందాజుకి మాత్రమే చూస్తాను. జాలీ దగ్గర తెలుసుకోవాలంటే పాత పద్ధతి ఉంది. అరచేతిని జాలీకి ఒక జానెడు కంటే కొంచెం తక్కువ ఎత్తులో పట్టుకుని లెక్కపెట్టండి. రెండు మూడు అనేలోపు చేయి తీసేయాల్సి వస్తే అది పెద్ద మంట. నాలుగైదు దాకా ఆగగలిగితే మధ్యస్థం. ఎనిమిది పది దాకా ఆగితే సన్న సెగ. స్లీవ్ వదులుగా ఉంటే మడిచి పెట్టుకోండి, ప్లీజ్.

ఇంకోటి, మీ గ్రిల్‌లో ఏ మూల ఎక్కువ వేడో మీకు తెలుసా? నాకు ఏడాదిపాటు తెలియదు. చవక బ్రెడ్ ప్యాకెట్ ఒకటి తీసుకోండి. అన్ని బర్నర్లూ మీడియంలో పెట్టి, వేడెక్కాక జాలీ మొత్తం బ్రెడ్ ముక్కలు పరచండి. ఒక నిమిషం తర్వాత వరసగా తిప్పి చూడండి. నల్లబడినవి ఎక్కడున్నాయో, తెల్లగా మిగిలినవి ఎక్కడున్నాయో ఫోటో తీసుకోండి. అదే మీ గ్రిల్ మ్యాప్. నాది వెనక ఎడమ మూల ఒక రాక్షసుడు. ముందు కుడి మూలలో పాప నిద్రపోవచ్చు, అంత చల్లగా ఉంటుంది.

ఇక థర్మామీటర్. దీని గురించి నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. ఇదిగో, నా చేతిలో ఉన్నది. పొడుగ్గా సూది ఉంటుంది, గుచ్చగానే రెండు మూడు సెకన్లలో నంబర్ చూపిస్తుంది. ఒక్క పూట పిజ్జా ఆర్డర్ డబ్బులకి వస్తుంది. గ్రిల్ కొనేటప్పుడు వందల డాలర్లు పెడతాం, ఇది మాత్రం అనవసరం అనుకుంటాం. "మా అమ్మమ్మ థర్మామీటర్ పెట్టి వండిందా?" అని కామెంట్ పెట్టేవాళ్లు ఉంటారు, నాకు తెలుసు. అమ్మమ్మ ఎముకతో ఉన్న కోడిని చిన్న ముక్కలు కొట్టి ముప్పావుగంట పులుసులో ఉడికించింది. అందులో పచ్చిగా ఉండే అవకాశమే లేదు. గ్రిల్ మీద పెద్ద ముక్క పెట్టినప్పుడు సమస్య వేరు.

అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే నంబర్లు ఇవి, ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కోడి ఏ భాగమైనా, కైమా చేసిన కోడైనా 165 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే దాదాపు 74 సెల్సియస్. మేక, గొర్రె, బీఫ్ కైమా అయితే 160. వాటి ముక్కలు, చాప్స్ లాంటివైతే 145, తీశాక మూడు నిమిషాలు ఆగాలి. చేప 145. సూదిని బాగా మందంగా ఉన్నచోట గుచ్చండి, ఎముకకి తగలనివ్వకండి, తగిలితే నంబర్ తప్పు వస్తుంది. రంగు చూసి నిర్ణయించకండి. పూర్తిగా ఉడికిన చికెన్ కూడా ఒక్కోసారి ఎముక దగ్గర గులాబీ రంగులో ఉంటుంది, ఉడకనిది కూడా తెల్లగా కనిపించొచ్చు.

165 అనేది సేఫ్టీ నంబర్. రుచి నంబర్ వేరు. లెగ్, థై ముక్కలు 165 దగ్గర తింటే కొంచెం రబ్బరులా సాగుతాయి. వాటిని 175 నుంచి 185 దాకా తీసుకెళ్తే లోపలున్న కొలాజెన్ కరిగి మెత్తగా, ఎముక నుంచి ఊడివచ్చేలా అవుతాయి. బ్రెస్ట్ ముక్కకి మాత్రం 165 దాటితే ఎండిపోయిన రంపపు పొట్టే. అందుకే రెండూ కలిపి ఒకేసారి పెట్టి ఒకేసారి తీయకండి. థర్మామీటర్ సరిగ్గా ఉందా అని అనుమానం వస్తే గ్లాసు నిండా ఐస్ వేసి, నీళ్లు పోసి, కలిపి, అందులో పెట్టండి. 32 చూపించాలి.

ఇప్పుడు మన మసాలా గురించి. ఇక్కడ అమెరికన్ వీడియోలు మనకి పెద్దగా పనికిరావు, ఎందుకంటే వాళ్లు ఉప్పు, మిరియాలు వేస్తారు, మనం అరకిలో పేస్ట్ పూస్తాం. తడి ఉన్నంతసేపు ముక్క పైభాగం నీళ్లు మరిగే వేడి దాటదు, అంటే రంగు రాదు. పైగా కారుతున్న పెరుగు బర్నర్ల మీద పడి మంటలు లేస్తాయి. పొడి కారం నేరుగా మంటకి తగిలితే మాడి చేదెక్కుతుంది. దానికి నా పరిష్కారం సింపుల్. పెరుగుని పల్చటి గుడ్డలో కట్టి రెండు గంటలు వేలాడదీస్తాను, నీళ్లన్నీ కారిపోతాయి. ఆ గట్టి పెరుగులోనే మసాలా కలుపుతాను. ఉప్పు మాత్రం ముందు రోజు రాత్రే ముక్కలకి పట్టించి ఫ్రిజ్‌లో మూత లేకుండా పెడతాను, కింది అరలో, దేనికీ తగలకుండా. గ్రిల్ మీద పెట్టే ముందు ఎక్కువగా ఉన్న ముద్దని వేలితో తీసేస్తాను. భయపడకండి, రుచి ఎక్కడికీ పోదు. నూనె జాలీకి కాదు, ముక్కకి రాస్తాను. తేనె, బార్బెక్యూ సాస్, బెల్లం లాంటి తీపి ఏదైనా ఆఖరి ఐదు నిమిషాల్లోనే. అంతకుముందు పూస్తే బొగ్గే.

పచ్చి చికెన్ తెచ్చిన ట్రేలోనే కాలిన ముక్కలు పెట్టేవాళ్లని ఇంకా చూస్తున్నాను. పట్టకారు కూడా అంతే. దయచేసి రెండో ప్లేట్, రెండో పట్టకారు. వండిన ఐటమ్స్ బయట రెండు గంటలకి మించి వదలొద్దు, ఎండ 90 ఫారన్‌హీట్ దాటితే ఒక్క గంటే. టెక్సస్ వేసవి అంటే ఆ ఒక్క గంటే లెక్క.

గ్యాస్ దగ్గరికి వద్దాం. ఇది బోరింగ్ అని స్కిప్ చేయకండి, ఇక్కడే నా ముంజేతి మీద వెంట్రుకలు పోయాయి. మొదటి ఏడాదే ఒకసారి మూత మూసి ఉండగా నాబ్ తిప్పాను. ఇగ్నైటర్ టిక్ టిక్ అంటోంది గానీ వెలగలేదు. ఇంకోసారి, ఇంకోసారి. ప్రొపేన్ గాలి కంటే బరువు, పైకి ఎగిరిపోదు, గ్రిల్ లోపల అడుగునే పేరుకుంటుంది. నాలుగోసారికి భుస్సుమని ఒక్కసారిగా వెలిగి మూత ఎగిరింది. ఆ రోజు చేతి మీద వెంట్రుకలతో పోయింది, కళ్లు పోయి ఉంటే? కాబట్టి, వెలిగించేటప్పుడు మూత ఎప్పుడూ తెరిచే ఉండాలి. ఐదు పది సెకన్లలో వెలగకపోతే ఆపేసి, ఐదు నిమిషాలు ఆగి, గాలి ఆడాక మళ్లీ. మొహం జాలీ మీదకి వంచొద్దు.

ట్యాంక్ మార్చిన ప్రతిసారీ సగం డిష్ సోప్, సగం నీళ్లు కలిపి, పైపు మీద, బిగించిన చోట రాసి, ట్యాంక్ తెరవండి. బర్నర్లు ఆఫ్‌లోనే ఉండాలి. బుడగలు లేస్తే లీక్. వెంటనే ట్యాంక్ మూసి, మళ్లీ బిగించండి, అయినా బుడగలొస్తే ఆ రోజుకి గ్రిల్ లేనట్టే.

చాలామంది నన్ను అడిగేది ఇది: "బ్రో, ట్యాంక్ నిండా ఉంది, మంట మాత్రం కొవ్వొత్తిలా ఉంది, 250 దాటట్లేదు, గ్రిల్ పాడైపోయిందా?" పాడవలేదు. రెగ్యులేటర్‌లో ఒక సేఫ్టీ ఉంటుంది. ట్యాంక్ నాబ్ ఒక్కసారిగా తిప్పేసినా, బర్నర్ నాబ్ తెరిచి ఉండగా ట్యాంక్ తెరిచినా, ఎక్కడో పైపు తెగింది అనుకుని అది గ్యాస్ తగ్గించేస్తుంది. అన్నీ ఆఫ్ చేయండి, ట్యాంక్ మూసేయండి, రెగ్యులేటర్ విప్పి కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ బిగించండి. తర్వాత ట్యాంక్ మెల్లగా, మెల్లగా తెరవండి. ఆ తర్వాతే బర్నర్. ఇది తెలియక నేను కొత్త రెగ్యులేటర్ కొన్నాను. అది ఇంకా గ్యారేజ్‌లో ప్యాకింగ్‌తో ఉంది, ఎవరికైనా కావాలా?

ట్యాంక్‌లో ఎంత మిగిలిందో చూడటానికి గేజ్ అక్కర్లేదు. చెంబుడు గోరువెచ్చని నీళ్లు ట్యాంక్ పక్కన పైనుంచి పోసి, చేత్తో తడమండి. ఎక్కడినుంచి చల్లగా తగులుతుందో అక్కడిదాకా గ్యాస్ ఉన్నట్టు. గెస్టులు వచ్చాక సగంలో అయిపోవడం కంటే సిగ్గు ఇంకోటి లేదు. నాకు జరిగింది. లోపల ఒవెన్‌లో పెట్టి మేనేజ్ చేశాం.

గ్రిల్‌ని గోడకి, ఫెన్స్‌కి, డాబా కప్పు కిందకి ఆనించి పెట్టకండి. నేనైతే పది అడుగుల దూరం పాటిస్తాను. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు బాల్కనీలో పెట్టే ముందు లీజ్ చదువుకోండి, చాలాచోట్ల అసలు ఒప్పుకోరు. ఇండియాలో చూస్తున్న ఫ్రెండ్స్‌కి కూడా ఒక మాట. అమెరికా నుంచి ఎవరో తెచ్చిన గ్రిల్‌కి ఇంట్లో 14.2 కిలోల సిలిండర్ తగిలించే జుగాడ్ పనులు వద్దు. బర్నర్ రంధ్రాలు, రెగ్యులేటర్, గ్యాస్ మూడూ ఒకదానికొకటి సరిపోయేలా తయారుచేస్తారు. అక్కడ అమ్మే గ్రిల్, అక్కడి ఏజెన్సీవాళ్లు బిగించిందే వాడండి.

మంటలు లేచినప్పుడు ఏం చేయాలి? కొవ్వు కారి ఒక చోట మంట లేస్తే కంగారు అక్కర్లేదు, ముక్కని మంట లేని పక్కకి జరిపి మూత మూయండి. అందుకే ఒక పక్క ఖాళీగా ఉంచమన్నది, పారిపోవడానికి చోటు ఉండాలి కదా. అసలు ప్రమాదం కింద డ్రిప్ ట్రేలో పేరుకున్న కొవ్వు అంటుకున్నప్పుడు. పోయిన ఏడాది మార్చిలో నేను శీతాకాలం అంతా ట్రే కడగకుండా వదిలేసి, ఏకంగా మటన్ సీక్ కబాబ్ పెట్టాను. అడుగునుంచి పసుపుపచ్చ మంట. నా చేతిలో నీళ్ల బాటిల్ ఉంది, పోయబోయాను. మా ఆవిడ కిచెన్ తలుపు దగ్గరనుంచి, "కాగే నూనెలో నీళ్లు పోస్తారా ఎవరైనా!" అని ఒక్క అరుపు అరిచింది. బర్నర్లు ఆఫ్ చేసి, మూత మూసి, ట్యాంక్ మూసి వెనక్కి వచ్చాను. గాలి లేక దానంతటదే ఆరింది, కానీ ఆ ఐదు నిమిషాలు చాలా పొడుగ్గా గడిచాయి. నాబ్ దగ్గరికి చేయి వెళ్లలేనంతగా మంట ఉంటే హీరోయిజం వద్దు, పిల్లల్ని తీసుకుని దూరంగా వెళ్లి 911కి ఫోన్ చేయండి. ఇప్పుడు ట్రే ప్రతి రెండు మూడు వాడకాలకోసారి గీకుతాను.

జాలీ శుభ్రం చేయడానికి ఇనుప తీగల బ్రష్ వాడేవాళ్లు జాగ్రత్త. తీగ ముక్క విరిగి జాలీకి అంటుకుని, అక్కడినుంచి ముక్కలోకి, గొంతులోకి వెళ్లిన కేసుల గురించి అమెరికాలో సీడీసీ 2012లోనే హెచ్చరించింది. నేను చెక్క స్క్రేపర్ వాడతాను. లేదంటే వేడి జాలీ మీద సగం కోసిన ఉల్లిపాయని ఫోర్క్‌కి గుచ్చి రుద్దుతాను. వాసన కూడా బాగుంటుంది, పక్కింటాయన ఫెన్స్ మీదనుంచి తొంగి చూస్తాడు.

వెజిటేరియన్ ఫ్రెండ్స్, మిమ్మల్ని మర్చిపోలేదు. నిజానికి నా గ్రిల్ మీద అన్నిటికన్నా బాగా వచ్చేది వంకాయ. పెద్ద గుండ్రటి వంకాయకి నూనె రాసి, రెండు మూడు చోట్ల గాట్లు పెట్టి, ఎడమ పక్క మంట మీద తిప్పుతూ తోలంతా నల్లగా అయ్యేదాకా కాల్చి, తర్వాత కుడి పక్క సెగకి మూత మూసి పది పదిహేను నిమిషాలు. చేత్తో నొక్కితే లోపలికి దిగిపోవాలి. ఆ పక్కనే పచ్చిమిర్చి, టమాటా కూడా కాల్చుకోండి. తోలు తీసి, చింతపండు, వెల్లుల్లి, ఉప్పు వేసి చేత్తో పిసికితే పచ్చడి రెడీ. గ్యాస్ గ్రిల్ పొగ రుచి ఇవ్వదంటారు, బొగ్గు గ్రిల్‌తో పోలిస్తే నిజమే. కానీ కాలిన వంకాయ తోలు ఇచ్చే రుచికి బొగ్గు కూడా అక్కర్లేదు. నాన్న ఉన్న ఆరు నెలల్లో వారానికి రెండుసార్లు ఇదే. మంట దగ్గర ఆయన, సెగ దగ్గర నేను.

తర్వాతి వేసవికి అన్నా వదినల్ని మళ్లీ పిలవడానికి నాకు చాలా ధైర్యం కావాల్సి వచ్చింది. వాళ్ల బాబుకి అప్పటికి తొమ్మిదో నెల. వదిన వచ్చి, గ్రిల్ పక్కన నిలబడి, ఎనిమిది లెగ్ పీసులు, ఒక పక్క ఖాళీగా ఉన్న జాలీ చూసి, "ఏంటి, ఈసారి ఇంత తక్కువ పెట్టావు?" అంది. "రెండు విడతలు వదినా, ఆకలైతే ముందు వంకాయ పచ్చడి తినండి" అన్నాను. ముక్కలు తీసేటప్పుడు నేను అడగకుండానే చేయి చాపింది. థర్మామీటర్ ఇచ్చాను. తనే గుచ్చింది, ఒక్కో ముక్కకి. 178, 181, 176. ఎనిమిదీ చూశాకే ప్లేట్ తీసుకుంది.

ఇదిగో, ఈ రోజు పెట్టినవి కూడా టైమ్ అయింది. కెమెరా దగ్గరగా తెస్తున్నా, నంబర్ కనిపిస్తోందా? 169. ఇంకా కాదు. మూత మూసేస్తున్నా. వచ్చే వారం చేప, అది జాలీకి అంటకుండా ఎలా తిప్పాలో చూద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.